రాయితీ లేని రాయి

మా రాస్కో అన్నకి నోట్లో ముందు పన్ను లేదు. కోటలోని కొట్టులో అమ్మకప్పన్నూ లేదు. రెండూ దేశసేవలోనే పోయాయని ఆయన వాదన. మొదటిది మాత్రం ఏ యుద్ధంలోనూ పోలేదు. వంటశాల గుడారం తాడు తట్టుకుని బోర్లా పడితే ఊడింది. నాకెలా తెలుసంటే ఆ వంటశాల నాదే. నా పేరు లెస్టర్. సైన్యానికి వండి పెట్టి రిటైరైనవాణ్ణి. నా వంట తిని కూడా ఆ సైన్యం గెలిచిందంటే అది మామూలు సైన్యం కాదు.

రాస్కో అన్న సైన్యంలో లారీలు బాగుచేసి, మాస్టర్ సార్జెంటుగా దిగిపోయాడు. కోటంటే రాజులది కాదు, మా ఊరి సైనిక స్థావరం. మాలాంటి రిటైరైనవాళ్లకి కోటలో ఓ కోటా ఉంది. గేటు దగ్గర కార్డు చూపించి లోపలికెళితే పప్పులనుంచి పరుపులదాకా అన్నీ బయటికన్నా చవక, పైగా పన్ను ఉండదు. నాకది ఓ సదుపాయం. అన్నకది మతం. బయట ఊళ్లో ఎక్కడికెళ్లినా నమస్కారం కంటే ముందు ఒకటే ప్రశ్న వేస్తాడు: "మాజీ సైనికులకి తగ్గింపు ఉందా?" క్షవరం దగ్గర అడుగుతాడు. టైర్ల దగ్గర అడుగుతాడు. ఓ ఆదివారం చర్చిలో చందా పళ్లెం ముందుకొస్తే అలవాటుగా నోరు తెరిచాడు. పాస్టరు గారు గబుక్కున పాట అందుకుని పరువు కాపాడారు. ధర తగ్గితే గానీ ఆయన తగ్గడు. వెల చూసి మనం వెలవెలబోతాం. ఆయన్ని చూసి వెలే వెలవెలబోతుంది.

ఇలాంటి మనిషికి ప్రేమ ఎక్కడ దొరుకుతుంది? ఉచితంగా ఇచ్చేచోటే.

నవంబరులో మా దినం వస్తుంది. కంగారుపడకండి, తద్దినం కాదు, మాజీ సైనికుల దినం. ఆ రోజు ఊళ్లో హోటళ్లన్నీ మమ్మల్ని పిలిచి ఊరికే భోజనం పెడతాయి. పొద్దున్నే పాన్‌కేకుల హోటల్ ముందు వరసలో అన్న ముందర ఒకావిడ నిలబడి ఉంది. నీలం టోపీ, నిటారు నడుము, మేకుల్లాంటి చూపు. ఒడెస్సా ప్రూయిట్. నౌకాదళంలో చీఫ్‌గా చేసింది. ఆవిడ ఓడ దిగింది గానీ చీఫ్ హోదా దిగలేదు. ఊరంతా ఆవిడని చీఫ్ అనే పిలుస్తుంది.

అన్న ఊరుకోడు కదా. "నీళ్లమీద తిరిగినవాళ్లకి అట్లెందుకమ్మా? అటు చేపల హోటలుందిగా!" అన్నాడు.

అన్న టోపీ మీది రాత ముందే చదివేసిందేమో, ఆవిడ వెనక్కి తిరక్కుండానే, "లారీ కింద పడుకున్నవాళ్లకి ఇంజను నూనె చాలుగా. వెనక్కి నిలబడు సార్జెంటూ" అంది.

అన్న వెనక్కి నిలబడ్డాడు. ఆ క్షణం నుంచీ ఆవిడ వెనకే.

ఆయన భార్య పోయి చాలాకాలం. ఆవిడ భర్తా అంతే. శనివారం వస్తే కోటలో కొట్టుకి కలిసి వెళ్లేవారు. ఆవిడ ముందు నడిచేది, ఆయన బండి తోసేవాడు. ఆవిడ వంటింటి బల్ల మీద పేపర్లలోంచి కూపన్లు కత్తిరించేటప్పుడు రెండు నెరిసిన తలలు దగ్గరయ్యేవి. ఓసారి నేను కిటికీలోంచి చూశాను. సబ్బు మీద కూపన్ కనబడితే ఇద్దరూ చేతులు పట్టుకుని గంతులేశారు. అంత శుభ్రమైన ప్రేమ!

అంతా బాగానే ఉందనుకుంటుండగా ఫిబ్రవరి వచ్చింది. ప్రేమికుల రోజు మర్నాడు అన్న ఆవిడకి చాక్లెట్ల పెట్టె ఇచ్చాడు. దానిమీద డెబ్భై ఐదు శాతం తగ్గింపు చీటీ నారింజ రంగులో మెరిసిపోతోంది. దాన్ని పీకే ఆలోచన కూడా ఆయనకి రాలేదు. అది ఆయన దృష్టిలో పతకం.

చీఫ్ పెట్టె తెరిచింది, చూసింది, మూసింది. "ఏం సార్జెంటూ, నేనేమైనా క్లియరెన్స్ సరుకునా?" అంది.

ఆ మాట అన్న గుండెలో ముల్లులా దిగింది. తర్వాత నెలలు గడిచాయి, ముల్లు కదల్లేదు, మనిషీ కదల్లేదు. ఎండాకాలం వచ్చేసరికి చీఫే కదిలింది. పెన్సకోలాలో సముద్రం ఒడ్డున వాళ్లక్క ఇల్లుంది, అందులో ఓ గది ఖాళీ. ఒక సాయంత్రం మా ఇద్దరి ముందూ కాఫీ పెట్టి చెప్పింది.

"సోమవారం వెళ్లిపోతున్నాను. ఇక్కడ నన్ను పట్టి ఉంచేదేముంది?"

అని రాస్కో అన్న వైపు చూసింది. రాయి కూడా కరిగే చూపు. మావాడు గొంతు సవరించుకున్నాడు.

"సామాను సర్దుకోవడానికి అట్టపెట్టెలు కావాలేమో," అన్నాడు, "కొట్టు వెనకాల ఊరికే ఇస్తారు."

నేను కాఫీ కప్పులో మునిగిపోదామని చూశాను. పట్టలేదు.

మర్నాడు పొద్దున్నే అన్న మా ఇంటికొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"తమ్ముడూ, సోమవారం ఆవిడ వెళ్లిపోతే నేనేమైపోవాలి?"

"నిన్న చెప్పొచ్చుగా అన్నా ఆ ముక్క! అట్టపెట్టెలేంటి నీ మొహం?"

"నోటికి అదే వచ్చింది. ఉంగరం పెట్టి అడుగుదామనుకుంటూనే ఉన్నాను. కొట్టులో చూశాను కూడా. ముప్పై శాతం తగ్గించి పెట్టారు. చేతిలోకి తీసుకున్నాను. క్లియరెన్స్ మాట గుర్తొచ్చింది. మళ్లీ పెట్టేశాను."

నేను వంటవాణ్ణి. సలహాల్లో కూడా ఉప్పెక్కువ వేస్తాను. "అయితే ఊళ్లో కొను. పూర్తి ధర పెట్టి కొను. పన్ను కట్టి కొను. రాయితీ లేని రాయి పెట్టు ఆవిడ వేలికి. నీ ప్రేమ విలువ అప్పుడు తెలుస్తుంది" అన్నాను.

పన్ను అనేసరికి అన్న చెయ్యి నోటికి పోయింది. అయినా సరేనన్నాడు.

నగల కొట్టులో ప్రెస్టన్ అనే కుర్రవయసు అమ్మకందారు ఎదురొచ్చాడు. అన్న ఓ ఉంగరం చూశాడు. చిన్న నీలం రాయి, సముద్రం రంగు. చాలా బాగుంది. ధర ఇంకా బాగా ఉంది.

"అద్భుతమైన ఎంపిక సార్! తమరు దేశానికి చేసిన సేవకి ధన్యవాదాలు. మా దగ్గర మాజీ సైనికులకి పదిహేను శాతం తగ్గింపు ఉంది" అన్నాడు ప్రెస్టన్.

జీవితంలో మొదటిసారి, అడక్కుండానే, ఎవరో ఆ మాట అన్నారు. అన్న చెయ్యి అలవాటుగా కార్డు కోసం జేబులోకి పోయింది. నావైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

"నేను సైన్యంలో పనిచెయ్యలేదు" అన్నాడు అన్న.

"టోపీ మీద రాసుందండీ."

"ఇది మా బావమరిది టోపీ."

"చొక్కా మీద కూడా ఉందండీ."

"చొక్కా కూడా వాడిదే."

"మరి చేతిమీద పచ్చబొట్టు?"

అన్న చెయ్యి చూసుకున్నాడు. గద్ద, దాని కింద దళం పేరు, సంవత్సరాలు. "మేమిద్దరం చాలా దగ్గర" అన్నాడు.

ప్రెస్టన్ మంచివాడు. "ఆయన్నే పంపించండి సార్. ఆయన పేరు మీద తగ్గిస్తాను. అంత త్యాగం చేసినవాళ్లు..."

"నాకు తగ్గింపు వద్దు!" అని అరిచాడు అన్న. కొట్టంతా తిరిగి చూసింది. బిల్లు వచ్చింది. పూర్తి ధర, దాని కింద పన్ను. అన్న కట్టాడు. నోట్లో పన్ను ఊడినప్పుడు కూడా ఆయన మొహం అంత వంకరపోలేదు. రెండూ చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

శనివారం మధ్యాహ్నం మేమిద్దరం కోటలో కొట్టుకి వెళ్లాం. సాయంత్రం అన్న ఇంట్లో చీఫ్‌కి వీడ్కోలు విందు. పక్కటెముకల మాంసం, బొగ్గులు, పెద్ద పుచ్చకాయ కొన్నాం. విందులో పుచ్చకాయ కోసి, ఉంగరం చూపించి, పుచ్చుకుంటావా అని అడగాలని పథకం. ఆ పథకం ఎవరిదో చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇక్కడే ఓ తప్పు జరిగింది. మాలాంటివాళ్లు తప్ప ఎవరూ చెయ్యలేని తప్పు, మాలాంటివాళ్లు అస్సలు చెయ్యకూడని తప్పు. సాయంత్రం ఐదింటికి కోటలో బ్యూగిల్ మోగుతుంది. జెండా దించుతారు. ఆ కాసేపూ ఆరుబయట ఉన్నవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ జెండా వైపు తిరిగి బిగుసుకుని నిలబడాలి. కార్లలో ఉన్నవాళ్లు ఆపి దిగాలి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఐదవుతుంటే కొట్టులోంచి బయటికి రారు. అద్దాల తలుపు వెనక నిలబడి ఆ పూట అక్కర్లేని బ్యాటరీల ధరలు చదువుతారు. మేమేమో పెళ్లి హడావిడిలో గడియారం చూసుకోకుండా బండి తోసుకుంటూ వచ్చేశాం.

కార్లు నిలిపే స్థలం అక్కడ్నుంచి కిందికి వాలుగా ఉంటుంది. ఆ చివర జెండా. దాని దగ్గర అప్పుడే చీఫ్ కారు ఆగింది. తనూ ఏదో కొనడానికి వచ్చినట్టుంది.

"తమ్ముడూ, ఆవిడే! విందుదాకా ఆగలేను, ఇక్కడే అడిగేస్తాను" అన్నాడు అన్న.

"ఇక్కడా? బొగ్గుల బస్తా పక్కనా?"

"మోకాలు వంగుతుందో లేదో ఒకసారి చూసుకోనీ." జేబులోంచి ఉంగరం పెట్టె తీసి, బండి ముందుభాగంలో పిల్లల్ని కూర్చోబెట్టే చోట, పుచ్చకాయ పక్కన పెట్టాడు. కటకటమంటూ నా ముందు మోకాలి మీద కూర్చున్నాడు. "చీఫ్, నన్ను..."

"అయ్యయ్యో, వద్దనకు లెస్టరూ, పాపం!" పక్క కారు దగ్గర్నుంచి ఓ గొంతు. హోరెస్ అని, మెరీన్లలో చేసిన ముసలాయన. "వాడికిహ ఎవరు దొరుకుతారు!"

అప్పుడు బ్యూగిల్ మోగింది.

అన్న లేచాడు. ఆ లేవడం లేవడం శిలావిగ్రహం అయిపోయాడు. నేనూ అంతే. హోరెస్సూ అంతే. స్థలం నిండా మనుషులు, సంచులతో, పిల్లలతో, ఐస్‌క్రీములతో, ఎక్కడివాళ్లక్కడ. నిలబడనిది ఒక్కటే: మా బండి.

మొదట మెల్లగా కదిలింది. ఎటెళ్లాలో ఆలోచించుకుంటున్నట్టు. తర్వాత నిర్ణయం తీసుకుంది.

"అన్నా," అన్నాను పెదాలు కదపకుండా, "బండి."

"చూస్తున్నాను."

"పట్టుకో."

"ఎలా పట్టుకోను? జెండా."

కదిలితే ఎవరూ జైల్లో వెయ్యరు. కానీ కింద చీఫ్ ఉంది. పోయిన ఏడాది బ్యూగిల్ పాట అవకముందే కారు తలుపు తీసిన ఓ లెఫ్టినెంటుని ఆవిడ అందరిముందూ కడిగి ఆరేసింది. ఆ కుర్రాడు ఇప్పటికీ ఆ దారిలో రాడట. అన్న పరిగెడితే ఉంగరం దక్కుతుంది, ఉంగరం పెట్టుకోవాల్సిన మనిషి దక్కదు. పరిగెత్తకపోతే ఉంగరమే దక్కదు. ఆయన చెంపమీంచి చెమట కారుతోంది. తుడుచుకోవడానికి కూడా చెయ్యి లేదు, అది సెల్యూట్‌లో ఉంది.

జెండా దించేటప్పుడు పేల్చే ఫిరంగి పేలింది. ఆ దెబ్బకి బండి ఇంకా ఉత్సాహపడింది.

"ఎవరిదయ్యా ఈ బండి?" అన్నారెవరో కదలకుండా.

"పుచ్చకాయ భలే ఉంది."

"ఎక్కడ కొన్నారో?"

"నోర్మూసుకుని జెండా చూడండి!" హోరెస్ గుసగుస. మళ్లీ తనే, "ఎడమకి లాగుతోంది, ఎడమకి... హమ్మయ్య, ఆ కొత్త కారు తప్పింది" అన్నాడు.

అందరి తలలూ జెండా వైపే ఉన్నాయి, కళ్లు మాత్రం బండితోపాటే దొర్లుతున్నాయి. ముందు చక్రం ఒకటి చీదుతున్నట్టు కీచుమంటోంది. పాట సాగుతోంది. జెండా మెల్లగా దిగుతోంది, బండి జోరుగా దిగుతోంది. తిన్నగా చీఫ్ వీపు మీదికి.

అన్నకిక ప్రాణం ఆగలేదు. "చీఫ్! వెనక!" అన్నాడు. పెదాలు కదపకుండా అంత గట్టిగా అరవడం సైన్యంలోనే నేర్పుతారు.

"నోర్ముయ్ సార్జెంటూ," అటునుంచి కూడా పెదాలు కదలకుండానే వచ్చింది జవాబు, "జెండా దిగుతోంది."

ఆవిడ చెయ్యి సెల్యూట్‌లోనే ఉంది, చూపు జెండా మీదే ఉంది. వెనక కీచుమంటున్న చక్రం చప్పుడు విని, సమయం చూసి, కుడికాలి మడమ వెనక్కి జరిపింది. అంతే. చక్రం బూటుకి కొట్టుకుని బండి ఠక్కున ఆగింది. పుచ్చకాయ ఆగలేదు. ఆవిడ భుజం పక్కనుంచి ఎగిరి ముందు పడి ఫట్టున పగిలింది. దాని వెనకే చిన్న పెట్టె. మూత తెరుచుకుని, ఎర్రటి గుజ్జు మధ్య నీలం రాయి మెరిసింది.

పాట పూర్తయ్యేదాకా ఎవరూ కదల్లేదు. చీఫ్ కూడా. గింజలు బుగ్గకి అంటుకుని ఉన్నా.

ఆఖరి స్వరం ఆగింది. అన్న పరుగెత్తాడు. నేనూ, హోరెస్, ఐస్‌క్రీములతో సహా సగం జనం వెనక. చీఫ్ వంగి పెట్టె తీసి, ఉంగరం చూసింది.

"ఎవరిదిది?"

"నీదే," అన్నాడు అన్న ఆయాసపడుతూ. "పుచ్చుకుంటే."

ఆవిడ రాయిని వెలుతురుకి పట్టి చూసింది. కళ్లు చెమర్చాయనే అనుకుంటాను. కానీ అలవాటు అలవాటే.

"ఎంత తగ్గించారు?"

"తగ్గించలేదు."

"అడగలేదా?"

"వాళ్లే ఇస్తామన్నారు. నేనే వద్దన్నాను."

జనంలో కలకలం. చీఫ్ గొంతు తగ్గింది. "పన్ను?"

"కట్టాను."

హోరెస్ టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు, ఎవరో పోయినట్టు.

"ఎందుకు?" అంది చీఫ్.

"నువ్వు క్లియరెన్స్ సరుకువి కావని."

ఆవిడ బుగ్గ మీది గింజ తీసి పారేసింది. తర్వాత, "ఓరి పిచ్చి సార్జెంటూ! తగ్గింపుకి కొన్నావని కాదయ్యా నేనన్నది. ఆ చాక్లెట్లు తెల్లగా బూజెక్కి ఉన్నాయి! అవి తాజాగా ఉండి డెబ్భై ఐదు శాతం తగ్గి ఉంటే నిన్ను అక్కడే ముద్దుపెట్టుకునేదాన్ని!" అంది.

అన్న నావైపు తిరిగాడు. నేను హోరెస్ వెనక నక్కాను.

"తగ్గింపు ఇస్తామంటే వద్దన్నావా? నువ్వు సైనికుడివని తెలియలేదా వాళ్లకి?"

"తెలిసింది. కానని చెప్పాను. టోపీ మా బావమరిదిదన్నాను."

చీఫ్ నవ్వబోయి ఆగిపోయింది. "ఇన్నేళ్ల సర్వీసుని కాదన్నావా? నా కోసం?"

"కాసేపేలే," అన్నాడు అన్న నేల చూస్తూ.

ఆవిడ ఉంగరం పెట్టెలో పెట్టి, పెట్టె చేతిసంచీలో పెట్టి, సంచీ భుజాన వేసుకుంది. "ఆ నగల కొట్టు ఎప్పటిదాకా ఉంటుంది?"

"ఆరుదాకా."

"ఎక్కు కారు."

చీఫ్ నడుపుతోంది, పక్కన అన్న, వెనక బొగ్గుల బస్తా, మాంసం, నేను. అన్న అద్దంలోంచి నన్ను చూసి కళ్లతో అడిగాడు: అవునందా? నేను భుజాలెగరేశాను: ఏమో. ఉంగరం వెనక్కిచ్చేసి అటునుంచి అటే పెన్సకోలా పోతుందేమో అని ఇద్దరికీ ఒకటే భయం.

ప్రెస్టన్ తలుపు మూసే తొందరలో ఉన్నాడు. అన్నని చూసి వెలిగిపోయాడు. "సార్! బావమరిది గారిని తెచ్చారా?"

చీఫ్ గల్లా దగ్గరికి వెళ్లి, నౌకాదళం టోపీ సరిచేసుకుని, పెట్టె బల్లమీద పెట్టింది.

"చూడు బాబూ, ఈయనకి బావమరిది లేడు. నన్ను చేసుకున్నాక కూడా రాడు, నాకున్నది అక్క ఒక్కతే. ఆ టోపీ ఈయనదే, చొక్కా ఈయనదే, పచ్చబొట్టూ ఈయనదే. ఇప్పుడు చెప్పు, మాజీ సైనికులకి తగ్గింపు ఉందా?"

"ఉందమ్మా, పదిహేను..."

"ఆగు," అన్నాడు రాస్కో అన్న. "చీఫ్, ఇప్పుడేమన్నావు? నన్ను చేసుకున్నాక అన్నావా?"

"బేరం మధ్యలో మాట్లాడకు సార్జెంటూ," అంది ఆవిడ, ఎడమచెయ్యి ఆయన వైపు చాపి, కళ్లు ప్రెస్టన్ మీంచి తీయకుండానే. "ఇద్దరం సైనికులం బాబూ. పదిహేనూ పదిహేనూ ముప్పై కావాలి కదా?"

ముప్పై కాలేదు. ప్రెస్టన్ మేనేజరుకి ఫోన్ చేసి ఇరవైకి తెచ్చాడు. పన్ను కూడా ఆ మేరకు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. అన్నకి అదేదీ వినబడలేదు. ఆవిడ వేలికి ఉంగరం తొడిగి, లేని పన్ను కనబడేలా నవ్వుతూ నిలబడ్డాడు. నేను బొగ్గుల మసి చేతులతోనే చప్పట్లు కొట్టాను.

బయటికొచ్చాక చీఫ్ ఫోన్ తీసి వాళ్లక్కకి చేసింది.

"అక్కా, నేను రావట్లేదు. ఆ గది అద్దెకిచ్చెయ్యి... ఎందుకో తర్వాత చెప్తాలే... ఆఁ, ఆ అట్టపెట్టెలవాడే." రాస్కో అన్న వైపు చూసి, ఫోన్ ఇంకాస్త దగ్గరగా పెట్టుకుంది. "అన్నట్టు, గదికి వచ్చేవాళ్లు సైనికులైతే మాత్రం కాస్త తగ్గించు."